చెల్లింపబడని బహుమానము

పుదుచ్చేరి ద్రాక్షతోటలకు ప్రసిద్ధి కెక్కిన పట్టణము కాదు. సముద్రపు ఉప్పుగాలికి ఓర్చి నిలిచే కొబ్బరి, తాడి అక్కడి నేలకు సహజమైన సంపద. ద్రాక్షసారాయము మాత్రము ఓడలలో పీపాలకెక్కి అక్కడికి వచ్చేది. అయినప్పటికీ 1874వ సంవత్సరమున, ఆ పట్టణమును ఏలుచున్న ఫ్రెంచి ప్రభుత్వము ద్రాక్షతీగను గురించి ఒక శాసనము చేసినది. తోటలను నాశనము చేయుచున్న ఒక పురుగును అరికట్టే ఉపాయము కనిపెట్టినవారికి 3,00,000 ఫ్రాంకుల బహుమానమిత్తుమని ఆ శాసనమునకు సారాంశము. 1871 నుండి ఫ్రాన్సు శాసనసభలో ఫ్రెంచి ఇండియాకు ఒక ప్రతినిధి ఉండేవాడు. కనుక పుదుచ్చేరియు, ఆ పాలనలోనే ఉన్న మన గోదావరీతీరపు యానామును, పేరుకైనను ఆ సభలో భాగము కలవే.

ఆ బహుమానము ఎవరికిని చెల్లింపబడలేదు. కాని ద్రాక్షతోటలు బ్రతికినవి. ఈ రెండు వాక్యముల నడుమనున్న చరిత్ర తెలిసికొనదగినది. ఎందుకనగా, పైరుకు తెగులు వచ్చినప్పుడు ప్రభుత్వము ధనమును ఏ రీతిగా వెచ్చింపవలెననెడి ప్రశ్న నేటికిని మన రైతుకు తీరని ప్రశ్నగానే ఉన్నది.

ఈ పురుగు పేరు ఫిలోక్సెరా. పేనుబంక జాతికి దగ్గరి చుట్టము. కంటికి ఒక పసుపుపచ్చని నలుసువలె కనబడుతుంది. దాని జన్మస్థానము ఉత్తర అమెరికా. అక్కడి అడవి ద్రాక్షలు అనాదిగా దానితో సహవాసము చేసి, దాని కాటును తట్టుకొనే శక్తిని సంపాదించుకొన్నవి. ఐరోపా ద్రాక్షకు అట్టి అనుభవము లేదు. పందొమ్మిదవ శతాబ్ది నడుమ అమెరికా ద్రాక్షమొక్కలను వేడుకకును, ప్రయోగమునకును ఐరోపా తోటలకు తెప్పించుట పరిపాటి అయినది. తెరచాప ఓడల దీర్ఘ ప్రయాణములో పురుగు చచ్చిపోయేదనియు, ఆవిరి ఓడలు ప్రయాణకాలమును తగ్గించినందున అది సజీవముగా ఒడ్డు చేరినదనియు పలువురు చరిత్రకారులు భావించినారు.

1863 ప్రాంతమున దక్షిణ ఫ్రాన్సులో, రోన్ నది దిగువను, తీగలు కారణము తెలియకుండ ఎండిపోజొచ్చినవి. ఎండిన తీగను పెరికి చూచినవారికి కుళ్ళిన వేరు తప్ప ఏమియు కనబడలేదు. 1868 జూలై మాసమున మోంపెలియే నగర వృక్షశాస్త్రాచార్యుడు ప్లాంషోను, బజీయు, సాయూ అను ఇరువురితో కలసి, చచ్చిన తీగను విడిచి, దాని ప్రక్కన ఇంకను పచ్చగా ఉన్న తీగను పెరికించినాడు. ఆ వేళ్ళకు పురుగులు గుంపులు గుంపులుగా అంటుకొని ఉన్నవి. చచ్చినదానిని వదలి ఆ పురుగు బ్రతికినదానికి ప్రాకుచున్నదన్నమాట. ఇంతవరకును ఎవరికిని అది కనబడకపోవుటకు కారణమిదే. దానికి వారు పెట్టిన లాటిను పేరు 'వస్తాత్రిక్స్'. అనగా ధ్వంసకారిణి. ఆ నామము స్త్రీలింగములో ఉండుట అర్థవంతము. వేళ్ళపై నివసించే ఆ పురుగులన్నియు ఆడవే. మగపురుగుతో పనిలేకుండనే తరతరములుగా సంతానమును పెంచుకొంటవి.

నష్టము ఎంతటిదో రెండు అంకెలు చెప్పగలవు. 1875లో ఫ్రాన్సులో తయారైన ద్రాక్షసారాయము సుమారు 8 కోట్ల 45 లక్షల హెక్టోలీటర్లు. 1889 నాటికి అది 2 కోట్ల 34 లక్షలకు పడిపోయినది. ఆ అంకెల వెనుక తోట అమ్ముకొన్న కుటుంబములున్నవి. సముద్రము దాటి అల్జీరియాకు వలసపోయినవారున్నారు.

ఇట్టి సమయమున ప్రభుత్వమునకు మొదట తోచిన ఉపాయము బహుమానము. 1870లో 20,000 ఫ్రాంకులు ప్రకటించినారు. అది చాలలేదని 1874లో దానిని 3,00,000కు పెంచినారు. వెంటనే దేశపు నలుమూలలనుండి ఉపాయములు వచ్చిపడినవి. తీగ మొదట బ్రతికియున్న కప్పను పాతిపెట్టవలెనని చెప్పినవారును ఉన్నారు. మోంపెలియే సమీపమున ఒక తోటలో ఈ ఉపాయములను వందలకొలది వరుసగా పరీక్షించి చూచినారు. ఆ పరీక్షలు చేసినవారి ఓర్పును మెచ్చుకొనవలసినదే. ఏది పనికిరాదో నిర్ధారించుటయు శాస్త్రమునకు లాభమే. కాని బహుమానమునకై వచ్చిన ఉపాయములలో అధికభాగము ఊహలు. ఆశ ఊహను పుట్టింపగలదు; జ్ఞానము పుట్టుటకు కాలము కావలెను.

ఆ కాలమును ఇచ్చినది మరియొక విధమైన ధనము. ప్లాంషోను బహుమానము కొరకు పనిచేసిన వ్యక్తి కాడు. విశ్వవిద్యాలయమునుండి జీతము పొందుచున్న ఆచార్యుడు. 1873లో ఆయన అమెరికా వెళ్ళి, మిస్సోరీ రాష్ట్ర కీటకశాస్త్రజ్ఞుడు చార్లెస్ రైలీని కలసికొన్నాడు. ఐరోపా వేళ్ళను తినుచున్న పురుగును, అమెరికా ద్రాక్షాకులపై బొడిపెలు పుట్టించే పురుగును ఒకటే అని నిర్ధారణ చేయుటలో రైలీకి ప్రధానమైన పాత్ర కలదు. అతడును ఒక రాష్ట్ర ప్రభుత్వపు ఉద్యోగి. ఆకుమీది రూపమును న్యూయార్కులో ఆసా ఫిచ్ 1855లోనే వర్ణించి ఉంచినాడు. ఆనాడు అతని వర్ణన వలన ఎవరికిని ఒక కాసు లాభము లేదు. పదునైదు సంవత్సరముల తరువాత అది ఒక దేశపు వ్యవసాయమునకు ఆధారమైనది.

అటుపై రెండు పక్షములు ఏర్పడినవి. ఒక పక్షమువారు మందును నమ్మినారు. కార్బన్ డైసల్ఫైడు అను ద్రవమును గొట్టముతో భూమిలోనికి ఎక్కించి పురుగును చంపుట వారి పద్ధతి. అది కొంత పనిచేసినది. కాని ఖర్చు ఎక్కువ, ఏటేటా చేయవలెను, పొరపాటైన తీగయే చచ్చును. ప్రభుత్వము రైతుసంఘములకు సహాయధనమిచ్చి దీనిని ప్రోత్సహించినది. విలువైన తోటలు కలవారు దీనివలన కొన్నాళ్ళు నిలదొక్కుకొన్నారు. చిన్న రైతుకు అది అందని మ్రానిపండు. నది దగ్గరనున్నవారు శీతకాలమున నలువది దినములు తోటను నీట ముంచి పురుగును ఊపిరాడనీయక చంపినారు. కొండవాలున తోట ఉన్నవానికి అదియు లేదు.

రెండవ పక్షమువారు పురుగు వచ్చిన చోటనే విరుగుడు కలదన్నారు. అమెరికా ద్రాక్షకు ఆ పురుగు ప్రాణాంతకము కాదని బోర్డో వాసి లాలిమాన్ 1869లోనే బోన్ నగరపు సభలో చెప్పినాడు. అమెరికా వేరుపై ఐరోపా కొమ్మను అంటుకట్టిన వేరు బ్రతుకును, పండు మారదు. ఎంత సులువైన మాట! ఆచరణలో మాత్రము అది ఇరువది సంవత్సరముల పని అయినది. ఏ అమెరికా వేరు ఏ నేలకు పొసగునో ఎవరికిని తెలియదు. సున్నపుపాలు ఎక్కువగా ఉన్న నేలలలో అంటుమొక్కలు ఆకులు పాలిపోయి చచ్చినవి. 1887లో ప్రభుత్వము పియేర్ వియలా అను శాస్త్రజ్ఞుని అమెరికాకు పంపినది. అతడు టెక్సాసులో ద్రాక్షతీగలను జీవితమంతయు పరిశీలించిన మన్సన్ అను తోటకాపరి సహాయమున సున్నపునేలను ఓర్చుకొనే జాతిని కనుగొన్నాడు. మందు పక్షమువారి కృషియు వ్యర్థము కాలేదు. అంటువారికి కావలసిన వ్యవధిని అది సంపాదించిపెట్టినది.

లాలిమాన్ బహుమానమును కోరినాడు. ప్రభుత్వము ఇవ్వలేదు. తోటను రక్షించు మార్గము చూపినను, అతడు పురుగును నిర్మూలించు మందు చూపలేదని వాదము. ఆ పురుగును దేశమునకు తెచ్చినవారిలో అతడును ఒకడని నిందయు ఉండేది. న్యాయాన్యాయములు ఎట్లున్నను, బహుమానమునకు ఉన్న లోపము ఇక్కడ స్పష్టపడుచున్నది. అది ఒక మనిషిని, ఒక ఉపాయమును వెదకినది. వచ్చిన పరిష్కారమో ఫిచ్, ప్లాంషోను, రైలీ, లాలిమాన్, వియలా, మన్సన్, అసంఖ్యాకులైన రైతులు కూడి కట్టిన ఇల్లు. దానిలో ఏ ఇటుకకు బహుమానమిత్తురు?

అమెరికా మొక్కలు విరుగుడుతోపాటు కొత్త తెగుళ్ళనుకూడ తెచ్చినవి. 1878లో ఫ్రాన్సున బూజు తెగులు కనబడినది. 1882లో బోర్డో విశ్వవిద్యాలయ ఆచార్యుడు మియార్దే మెడోక్ ప్రాంతమున నడచిపోవుచు ఒక వింత గమనించినాడు. బాటసారులు పండ్లు కోసికొనకుండుటకై దారిప్రక్క తీగలపై రైతులు సున్నమును, మైలుతుత్తమును కలిపి చల్లేవారు. ఆ తీగలకు బూజు లేదు. మూడు సంవత్సరములు పరీక్షించి 1885లో ఆయన ప్రకటించిన మిశ్రమమే నేటికిని మన రైతుల నోట నానుచున్న బోర్డో మిశ్రమము. దీనిని అదృష్టమనవచ్చును. కాని ఆ దారిని అంతకుముందు ఎందరో నడచినారు. తెగులును చూచుటయే పనిగా జీతమిచ్చి నియమించిన కన్ను ఆనాడు అటు పోవుటవలన అదృష్టము ఫలించినది.

ఇప్పుడు యానాము చుట్టునున్న గోదావరి మండలమునకు వత్తము. పందొమ్మిదవ శతాబ్ది చివర అక్కడి తాటిచెట్లకు మొవ్వుకుళ్ళు తెగులు పుట్టినది. ఫ్రెంచి రైతుకు ద్రాక్ష ఎట్టిదో ఆ డెల్టావాసికి తాడి అట్టిది: కల్లు, బెల్లము, ఇంటికప్పు, దూలము అన్నియు దానినుండియే. మొవ్వు కుళ్ళిన చెట్టు ఇక లేవదు. బీహారులోని పూసాయందు 1905లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనసంస్థలో శిలీంధ్రశాస్త్రజ్ఞుడైన బట్లర్ ఈ తెగులును పరిశోధించి, దానికి కారణమైన సూక్ష్మజీవిని గుర్తించి పేరు పెట్టినాడు. అది ద్రాక్ష బూజు తెగులుకు దూరపు చుట్టమే. తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్చుటకు మద్రాసు ప్రభుత్వము ప్రత్యేక సిబ్బందిని నియమించినది. పూసా సంస్థ ఏర్పాటుకు మూలధనము అమెరికా దాత హెన్రీ ఫిప్స్ ఇచ్చిన విరాళము. ఆ ధనమిచ్చునపుడు గోదావరి తాటితోపు దాత ఊహలోనైన ఉండి ఉండదు. అయినను అది అక్కడికి చేరినది.

పరదేశపు పురుగులు రాకుండ భారతదేశమున 1914లో ఒక చట్టమును, లోపలి తెగుళ్ళ నివారణకై మద్రాసు రాజధానిలో 1919లో మరియొకటియు వచ్చినవి. 1878లో బెర్న్ నగరమున ఫిలోక్సెరాపై ఐరోపా రాజ్యములు చేసికొన్న ఒడంబడిక ఇట్టి చట్టములకు తొలి మార్గదర్శకములలో ఒకటి.

తెలుగునేలకు ద్రాక్షతోటయు పరాయిది కాదు. హైదరాబాదులో 1890 ప్రాంతమున అబ్దుల్ బాకర్ ఖాన్ తోటలో నెలకొన్న అనాబెషాహి రకము, తరువాతి కాలమున ఆ నగర పరిసరములకు గొప్ప పేరు తెచ్చినది. దానికిని బూజు తెగులు, పిండినల్లి తప్పలేదు. పిండినల్లిని తినే ఒక అక్షింతల పురుగు కథ ఇక్కడ చెప్పదగినది. దానిని 1898లో ఆస్ట్రేలియానుండి కాఫీతోటల తెగులు నివారణకై దక్షిణ భారతమునకు తెచ్చినారు. కాఫీతోటలో అది ఆశించిన పని చేయలేదు. ఆనాటి లెక్కలలో అది వృథావ్యయము. అనేక దశాబ్దముల తరువాత ద్రాక్షపై పిండినల్లి విజృంభించినపుడు, బెంగుళూరులోని ఉద్యాన పరిశోధనసంస్థవారు ఆ పురుగునే పెంచి తోటలలో విడిచినారు. నేడు దక్కను ద్రాక్షలలో పెక్కింటికి ఆధారమైన డాగ్‌రిడ్జ్ అను వేరుమొక్క టెక్సాసునుండి వచ్చినదే. ఇక్కడ అది పురుగునుండి కాక, ఉప్పునీటినుండి, కరవునుండి తీగను కాపాడుచున్నది. ద్రాక్షకొరకై పుణె నగరమున 1997లో ఒక జాతీయ పరిశోధనకేంద్రము నెలకొన్నది.

వ్యయమునకు ఫలము ఎప్పుడు, ఎక్కడ లభించునో ముందుగా చెప్పలేమని ఈ చరిత్ర చెప్పుచున్నది. దీనికి ఒక ఆక్షేపణ రావచ్చును. ఫలితము చెప్పకుండ ధనమడుగుట పన్ను కట్టే రైతుకు అన్యాయము కాదా? న్యాయమైన ప్రశ్నయే. లెక్క అడుగవలసినదే. కాని అడుగవలసిన లెక్క, 'పురుగు చచ్చినదా?' అనునది మాత్రమే కాదు; 'పురుగును గురించి నిన్నటికన్న నేడు ఎక్కువ తెలిసినదా, తెలిసినది భద్రముగా ఉన్నదా?' అనునది కూడ.

పుదుచ్చేరికే తిరిగి వత్తము. 1954 నవంబరులో ఫ్రెంచి పాలన అక్కడ ముగిసినది. 1955లో జాన్ ఫిలియోజా నాయకత్వమున ఫ్రెంచి పరిశోధనసంస్థ ఆ పట్టణమున ప్రారంభమైనది. ఒక గదిలో శైవాగమముల తాళపత్రములు, మరియొక గదిలో దక్షిణ భారతపు చెట్ల ఎండు నమూనాలు. తాళపత్రమును ఒక్కరోజులో చదివి ముగించినవానికి బహుమానమిత్తుమని ఎవరును ప్రకటింపరు. పండితునికి జీతము, దీపము, సంవత్సరములు ఇచ్చి కూర్చుండబెట్టుదురు. ఎండిన ఆకును అట్టకు కుట్టి పేరు వ్రాసి ఉంచేవానికిని అంతే. రేపు ఏ తోటలో ఏ తీగ వాడినను, దాని పేరేమో, చుట్టములెవరో తెలిసికొనుటకు ఎవరో ఒకరు అటువంటి గదికి వెళ్ళి ఆ పెట్టె తెరువవలెను. ఆనాడు ఆ పెట్టెలో ఆకు ఉండుటకై, తెగులు లేని సంవత్సరములలోను ఆ గదికి ధనము చెల్లుచుండవలెను.