పూర్వం అందరూ కచేరీలు వినేవారా?

"పూర్వం గుడిలో మేళం, పెళ్ళిలో పాట కచేరీ, నవరాత్రులకి హరికథ. జనం బతుకంతా సంగీతంలోనే గడిచేది. ఇప్పటివాళ్ళు జీవితం మొత్తంలో పట్టుమని పది కచేరీలకైనా వెళ్ళరు." సంస్కృతి పాడైపోయిందని బాధపడే పెద్దలు తరచుగా అనే మాట ఇది. వినడానికి బాగుంటుంది. కానీ ఒక మనిషి తన జీవితంలో ఎన్నిసార్లు ఎదురుగా కూర్చుని సంగీతం విన్నాడు అన్నది లెక్కకి సంబంధించిన ప్రశ్న. నమ్మకంతో కాకుండా లెక్కతోనే చూద్దాం.

ముందుగా, డబ్బిచ్చి వినే కచేరీ మరీ పాతది కాదు. 1672 డిసెంబర్ లో లండన్ లో జాన్ బానిస్టర్ అనే వయొలిన్ వాద్యకారుడు మనిషికి ఒక షిల్లింగ్ తీసుకుని తన ఇంట్లో కచేరీలు పెట్టాడు. డబ్బిచ్చిన ఎవరైనా వచ్చి వినగలిగే కచేరీలకి అదే నాంది అంటారు. మన వైపు కాకినాడ సరస్వతీ గానసభ వంటివి వచ్చింది 20వ శతాబ్దం మొదట్లో. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1928 లో మొదలయింది. అంతకు ముందు మనం "శాస్త్రీయం" అని పిలిచే సంగీతం వినపడిన చోట్లు ముఖ్యంగా మూడు: గుడి, జమీందారు కొలువు, ఉన్నవాళ్ళ పెళ్ళి పందిరి. ఈ మూడింటికీ టిక్కెట్టు లేదు. కానీ గుమ్మం ఉంది.

ఆ గుమ్మం ఎవరిని లోపలికి రానిచ్చింది? కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. అక్కడ అన్ని గుళ్ళలోకీ దళితుల ప్రవేశాన్ని హక్కుగా చేసిన చట్టం వచ్చింది 1947 లో. అంటే అంతకు ముందు తరాల దళితులకి గుడిలో జరిగిన కచేరీల లెక్క దాదాపు సున్నా. ఇష్టం లేక కాదు, రానివ్వక.

పాడేవాళ్ళకీ గుమ్మాలున్నాయి. తిరువయ్యారులో త్యాగరాజు సమాధికి గుడి కట్టించింది బెంగుళూరు నాగరత్నమ్మ. దేవదాసి కుటుంబంలో పుట్టిన ఆమె తన సొంత డబ్బు ఖర్చు పెట్టింది. అయినా అక్కడి ఆరాధనలో ఆడవాళ్ళు పాడకూడదన్నారు. 1920ల చివర్లో ఆమె స్త్రీలతో విడిగా ఆరాధన జరిపింది. అందరూ కలిసి ఒకే ఆరాధన చేయడానికి 1940 దాటవలసి వచ్చింది. తెలుగు కీర్తనల పండుగలో సగం మంది మనుషుల సంగతి ఇది!

మరి దళితులకీ, శ్రమజీవులకీ సంగీతం లేదా? ఉంది, పుష్కలంగా ఉంది. డప్పు ఉంది, చిందు భాగవతం ఉంది, గొల్లసుద్దులు ఉన్నాయి, బుర్రకథ ఉంది. 1940లలో ప్రజానాట్యమండలి తరఫున షేక్ నాజర్ బుర్రకథ చెప్తే వేల మంది విన్నారు. కానీ సంస్కృతి లెక్క రాసేవాళ్ళు వీటిని "కచేరీ" పద్దు కింద రాయరు. ఒక వర్గాన్ని గుమ్మం బయట పెట్టి, వాళ్ళ పాటని లెక్క బయట పెట్టి, మిగిలినదాన్ని "జనం" అనడం ఏం న్యాయం?

సగటు ఎలా మోసం చేస్తుందో చూద్దాం. అమెరికాలో ఏడాదిలో ఒక్కసారైనా శాస్త్రీయ సంగీత కచేరీకి వెళ్ళిన వయోజనులు 1982 లో 13 శాతం, 2017 లో 8.6 శాతం అని అక్కడి ప్రభుత్వ సర్వేలు చెప్తున్నాయి. సౌలభ్యం కోసం 10 శాతం అనుకుందాం. వెయ్యి మంది, 50 ఏళ్ళు, వెళ్ళిన ఏడాదికి ఒకటే కచేరీ. మొత్తం 5000 హాజర్లు, తలకి సగటున 5. ఇప్పుడు ప్రతి ఏడాదీ ఆ వంద మందే వెళ్తే, మిగిలిన 900 మంది జీవితంలో ఒక్క కచేరీ కూడా వినకుండా చనిపోతారు. అలా కాకుండా ప్రతి ఏడాదీ లాటరీ తీసి వంద మందిని పంపితే, 50 ఏళ్ళలో ఒక్కసారీ వెళ్ళనివాళ్ళు ఇంచుమించు అయిదుగురే మిగులుతారు. రెండు సందర్భాల్లోనూ సగటు 5 మాత్రమే! అందుకే సగటు చెప్పినవాణ్ణి "ఎవరు వెళ్ళారు?" అని అడగాలి. మన పూర్వపు కచేరీలు మొదటి రకం. ఆ వంద మందిని పుట్టుకే ఎంపిక చేసింది.

ఈ గుమ్మాన్ని కొంతయినా బద్దలు కొట్టింది, పెద్దలు తిట్టిపోసే యంత్రాలే. 1902 లో కలకత్తాలో గౌహర్ జాన్ పాట రికార్డయింది. 1948 డిసెంబర్ 1 న విజయవాడ రేడియో కేంద్రం మొదలయింది. కులం అడిగి పాట వినిపించే రేడియోని ఎవరూ కనిపెట్టలేదు. ఎదురుగా వినడం వేరు, రేడియోలో వినడం వేరు, నిజమే. కానీ గుమ్మం బయట నిలబడ్డవాడికి ఆ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకునే అవకాశం ఎప్పుడుంది?

ఇదంతా గడిచిపోయిన చరిత్ర అనుకుంటే పొరపాటు. నేనుండే కామ్‌రేజ్ లో, సూరత్ అంతటా, నవరాత్రులకి తొమ్మిది రాత్రులు గర్బా జరుగుతుంది. పదేళ్ళ వయసు నుంచి అరవై దాకా ఏటా ఆడినవాడికి 450 రాత్రుల పాట. "ఎన్ని కచేరీలకి వెళ్ళారు?" అని అడిగితే మాత్రం అతను "ఒక్కదానికీ వెళ్ళలేదు" అనవచ్చు. తెలంగాణ నుంచి సూరత్ మగ్గాల పనికి వచ్చిన కుటుంబాల ఆడవాళ్ళకి బతుకమ్మ కూడా అలాంటిదే. అందులో పాడేవాళ్ళూ వినేవాళ్ళూ ఒకరే.

గర్బాకీ గుమ్మం ఉంది. 2017 అక్టోబర్ 1 న ఇదే గుజరాత్ లో, ఆణంద్ జిల్లా భద్రానియా గ్రామంలో, గర్బా చూస్తున్నాడన్న కోపంతో 21 ఏళ్ళ దళిత యువకుణ్ణి కొట్టి చంపారని పత్రికలన్నీ రాశాయి. అతను ఆడలేదు, పాడలేదు. నిలబడి చూశాడు.

కాబట్టి మిత్రులారా, ఈసారి ఎవరైనా "పూర్వం అందరూ సంగీతం వినేవారు" అంటే, సంగీతం గురించి వాదించకండి. ఆ "అందరూ" అన్న మాటకి లెక్క చెప్పమనండి.