గడియారం వెల ఎంత? విలువ ఎంత?

మన సంఘం సమావేశాల్లో పెన్షను, డి.ఎ. ముచ్చట్లు ముగిశాక ఈ మధ్య తరచుగా వచ్చే ప్రసంగం ఒకటుంది. విదేశాల్లో ఉన్న పిల్లలు, బెంగుళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేస్తున్న మనుమలు లక్షలు పోసి స్విట్జర్లాండ్ వాచీలు కొంటున్నారు. "అంత డబ్బు పెట్టవలసింది అందులో ఏముంది?" అని కొందరంటారు. "బంగారం లాగే అదీ ఒక పెట్టుబడి" అని మరికొందరంటారు. ఈ వాదానికి జవాబు గడియారాల చరిత్రలోనే దొరుకుతుందని నాకు తోచింది. గడియారానికి మనుషులు ఎక్కువ వెల ఇవ్వడం వెనుక ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క కారణం ఉంది.

మొదట సముద్రం సంగతి చెప్పాలి. ఓడ ఉత్తర దక్షిణాలుగా ఎంత దూరంలో ఉన్నదీ సూర్యుణ్ణి, నక్షత్రాలను చూసి తెలుసుకోవచ్చు. తూర్పు పడమరలు తెలియాలంటే మాత్రం ఓడ ఉన్నచోట టైముతోపాటు, బయలుదేరిన రేవులో ఆ క్షణాన టైమెంతో కూడా తెలియాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. మన దేశపు టైము గ్రీనిచ్ కంటే అయిదున్నర గంటలు ముందుండడం కూడా ఈ లెక్కే. 1906 నుంచి మనం 82½ డిగ్రీల రేఖాంశాన్ని బట్టి గడియారాలు పెట్టుకుంటున్నాము. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగానే పోతుంది. ఓడవారు ఈ లెక్కను తిరగవేసి, రెండు టైముల తేడాను బట్టి తామెక్కడున్నదీ కనుక్కోవాలి. గడియారం 4 నిమిషాలు తప్పితే లెక్క ఒక డిగ్రీ తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది సుమారు 111 కిలోమీటర్లు!

1707లో ఇంగ్లండుకు తిరిగివస్తున్న అడ్మిరల్ షోవెల్ నౌకాదళం దారి లెక్క తప్పి సిల్లీ దీవుల రాళ్లకు కొట్టుకుంది. నాలుగు ఓడలు మునిగాయి. అడ్మిరల్‌తో సహా వెయ్యి మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు రేఖాంశాన్ని అర డిగ్రీ లోపు తేడాతో కనుక్కునే ఉపాయం చెప్పినవారికి 20,000 పౌండ్ల బహుమతి ప్రకటించింది.

దీనిని సాధించినవాడు జాన్ హారిసన్ అనే వడ్రంగి. గడియారాల పని స్వయంగా నేర్చుకున్నవాడు. దాదాపు జీవితమంతా ఈ పనికే ధారపోశాడు. ఆయన నాలుగవ గడియారం చూడడానికి పెద్ద జేబు గడియారంలా ఉంటుంది. 1761లో దానిని ఓడ మీద జమైకాకు పంపి పరీక్షించారు. రోజువారీగా అది ఎంత తప్పుతుందో ముందే తెలిసిన లెక్కను సర్దుబాటు చేసి చూస్తే, 81 రోజులలో వచ్చిన తేడా కేవలం 5 సెకండ్లు. అయినా అధికారులు పరీక్ష మీద పరీక్ష పెట్టి బహుమతి సొమ్ము పూర్తిగా ఇవ్వలేదు. చివరకు రాజుగారే కల్పించుకోవడంతో 1773లో పార్లమెంటు ద్వారా మిగిలిన సొమ్ములో చాలా భాగం ముట్టింది. అప్పటికి హారిసన్‌కు 80 ఏళ్లు. బకాయిల కోసం ఎదురుచూడడమంటే ఏమిటో మన సభ్యులకు నేను వేరే చెప్పనక్కరలేదు.

ఆ గడియారానికి లార్కమ్ కెండల్ అనే పనివాడు నకలు చేశాడు. అది 1769లో పూర్తయింది. అతనికి 450 పౌండ్లు, ఆపైన 50 పౌండ్ల బహుమానం ఇచ్చారు. 1772లో కెప్టెన్ జేమ్స్ కుక్ దక్షిణ సముద్రాలకు బయలుదేరినప్పుడు దానిని వెంట తీసుకుపోయాడు. ఆయన ఎక్కిన రిజల్యూషన్ అనే ఓడను నౌకాదళం కొన్నది సుమారు 4,150 పౌండ్లకు. అంటే గడియారం వెల ఓడ వెలలో పదోవంతు కంటే ఎక్కువ! అంత ఖరీదు దండుగా అంటే, కాదు. మూడేళ్ల ప్రయాణంలో ఆ గడియారం నమ్మకంగా నడిచింది. ఓడలో ఉన్నవారి ప్రాణాలు దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఆ రోజుల్లో ఎక్కువ డబ్బిస్తే ఎక్కువ ఖచ్చితమైన కాలం దొరికేది.

తరువాత గడియారాలు చవక కాసాగాయి. 1896లో అమెరికాలో ఇంగర్సాల్ కంపెనీ ఒక్క డాలరుకే జేబు గడియారం అమ్మింది. మన దేశంలో 1961లో హెచ్.ఎం.టి. సంస్థ జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో బెంగుళూరులో చేతి గడియారాల తయారీ మొదలుపెట్టింది. జనతా, పైలట్, సోనా, కోహినూర్, ఈ పేర్లు మన తరానికి చుట్టాల పేర్లవంటివి. అల్లుడికి పెట్టే లాంఛనాల్లో సైకిలు, రేడియోలతోపాటు వాచీ ఒకటి. పదవీ విరమణ నాడు తోటి ఉద్యోగులు చందాలు వేసుకొని తొడిగినదీ అదే. రోజూ కీ ఇచ్చుకుంటే అది సంవత్సరాల తరబడి నడిచేది.

అసలు మలుపు 1969 డిసెంబరు 25న వచ్చింది. ఆ రోజు జపాను సీకో కంపెనీ ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టింది. ధర 4,50,000 యెన్లు. ఆనాడు ఒక చిన్న కారు వచ్చే డబ్బు. కానీ ఆ విద్య కొద్ది ఏళ్లలోనే చవకయింది. నేటి సాధారణ క్వార్ట్జ్ వాచీలో చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. అది తప్పితే నెలకు 15 సెకండ్ల లోపు తప్పుతుంది. ప్రామాణిక పరీక్ష నెగ్గి క్రోనోమీటర్ అనిపించుకున్న స్ప్రింగు గడియారమైనా రోజుకు 4 సెకండ్ల వరకు వెనుకబడవచ్చు, 6 సెకండ్ల వరకు ముందుండవచ్చు. అంటే అయిదు వందల రూపాయల సెల్లు వాచీ అయిదు లక్షల కీ వాచీ కంటే సరిగ్గా టైము చూపుతుంది.

ఈ దెబ్బకు స్విట్జర్లాండులో 1970 నాటికి ఈ పరిశ్రమలో ఉన్న సుమారు 90,000 మంది ఉద్యోగులు 1980ల చివరకు మూడోవంతు పరిసరాలకు తగ్గిపోయారు. మన దేశంలో 1980ల చివర టైటాన్ క్వార్ట్జ్ వాచీలు వచ్చాక హెచ్.ఎం.టి. కోలుకోలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం హెచ్.ఎం.టి. వాచీల సంస్థను మూసివేయడానికి నిర్ణయించింది. మనలాంటి ఉద్యోగులు ఎందరో అక్కడా ఉండేవారు.

స్విస్‌వారు నిలదొక్కుకున్నది రెండు దారులలో. 1983లో 51 భాగాలే ఉన్న చవకైన స్వాచ్ ఒకటి. చేతిపనినీ పేరునూ ఎక్కువ వెలకు అమ్మడం రెండవది. ఈనాటి లక్షల వాచీ ఈ రెండవ దారిలో వచ్చింది. అందులో నూరు పైన సన్నని భాగాలను మెరుగుపెట్టి కూర్చిన పనితనం నిజమే. దానితోపాటు ప్రకటనల ఖర్చు, పేరుకు కట్టే సొమ్ము కూడా నిజమే.

ఇక పెట్టుబడి మాట. 2017లో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ ధరించిన రోలెక్స్ వేలంలో ఒక కోటి 77 లక్షల డాలర్లు పలికింది. పలికినది ఆ మనిషి పేరు. అటువంటి ప్రతి వాచీకీ ఆ యోగం పట్టదు. 2022 తొలి నెలల్లో ఆకాశాన్నంటిన పాత ఖరీదైన వాచీల ధరలు తరువాత బాగా పడిపోయాయి. పైగా స్ప్రింగు వాచీని కొన్నేళ్లకొకసారి విప్పి శుభ్రం చేయించి నూనె వేయించాలి. ఆ ఖర్చులోనే మామూలు వాచీలు చాలా వస్తాయి.

కనుక నా అభిప్రాయం ఇది. సూక్ష్మమైన పనితనం మీద మక్కువ, ఖర్చు పెట్టినా ఇబ్బంది లేని సొమ్ము, రెండూ ఉన్నవారికి ఆ వాచీ దండుగ కాదు. వీణ కొన్నట్టు, మంచి పట్టు చీర కొన్నట్టు అది ఒక ఇష్టం. టైము కోసమైతే అనవసరం. హోదా కోసమైతే, మనం బజారుకు వెళితే మన ముంజేయి చూసేవారెవరు? గ్రాట్యుటీ సొమ్ము, డిపాజిట్లు కదిలించి పిల్లల ముచ్చట తీర్చాలనుకుంటే మాత్రం వద్దని గట్టిగా చెబుతాను. ఆ సొమ్ము వైద్యానికి, ఇంటావిడ భద్రతకు ఉండవలసింది.

మీ బీరువాలో పాత కీ వాచీ ఉంటే ఒకసారి బయటకు తీయండి. వాచీలు బాగుచేసేవారు తగ్గిపోయినా పాత బజారుల్లో ఇంకా కనిపిస్తారు. బాగుచేయించి, ఏ సంవత్సరంలో, ఎంత జీతం వచ్చే రోజుల్లో కొన్నారో మనుమడికి చెప్పి చేతికివ్వండి.