మొక్కజొన్నను తీర్చిదిద్దిన రైతులు

మెక్సికో నైరుతిన బల్సాస్ నది లోయలో టియోసింటే అనే గడ్డి ఇప్పటికీ పెరుగుతోంది. గుబురుగా కొమ్మలు వేస్తుంది. కంకికి గింజలు పది పన్నెండుకు మించవు, ఒక్కో గింజకూ పన్ను విరిగేంత గట్టి పెంకు. ఒంటి కాండం మీద నిలబడి వందల గింజల పొత్తు వేసే మొక్కజొన్నకు ఇదే తల్లి అంటే నమ్మడం కష్టం. 1930ల చివర వృక్షశాస్త్రవేత్త పాల్ మాంగెల్స్‌డార్ఫ్ నమ్మలేదు కూడా. అసలు తల్లి అంతరించిపోయిన ఏదో అడవి మొక్కజొన్న అని వాదించాడు. జన్యుశాస్త్రవేత్త జార్జ్ బీడిల్ ఒప్పుకోలేదు. టియోసింటేనూ మొక్కజొన్ననూ సంకరం చేసి, 1970ల్లో రెండో తరం మొక్కలు సుమారు 50,000 పెంచి చూశాడు. ఐదు వందల మొక్కల్లో దాదాపు ఒకటి అచ్చం టియోసింటేలా, మరొకటి అచ్చం మొక్కజొన్నలా వచ్చాయి. అంత పెద్ద తేడాకు మూలం ప్రధానంగా నాలుగైదు జన్యువులేనన్నమాట. 2002లో డీఎన్ఏ పోలికలు కూడా ఆ లోయ గడ్డినే చూపించాయి, అది పంటగా మారడం సుమారు 9,000 ఏళ్ల కిందట మొదలైందనీ తేల్చాయి.

మరి ఆ జన్యువుల్లో మారిందేమిటి? పక్క కొమ్మలను ఎదగనీయకుండా ఆపే టీబీ1 జన్యువు టియోసింటేలోనూ ఉంది. మొక్కజొన్నలో అది సుమారు రెట్టింపు చురుగ్గా పనిచేస్తుందని జన్యుశాస్త్రవేత్త జాన్ డోబ్లీ బృందం 1997లో చూపింది. వాతావరణమో, మొక్కలోని వేరే జన్యువులో అలా చేయిస్తున్నాయేమో అనవచ్చు. కానీ సంకర మొక్కలో రెండు ప్రతులూ ఒకే కణంలో, ఒకే పరిస్థితుల్లో ఉంటాయి. అక్కడా మొక్కజొన్న ప్రతిదే పైచేయి. కాబట్టి కారణం ఆ జన్యువు చుట్టుపక్కలే ఉండాలి. 2011లో అది దొరికింది: జన్యువుకు దాదాపు 60,000 అక్షరాల దూరాన వచ్చి చేరిన హాప్‌స్కాచ్ అనే, చోటు మార్చుకుంటూ గెంతే డీఎన్ఏ ముక్క. చరిత్రకారుడికి ఇంతకంటే విలువైన సాక్ష్యం మరొకటుంది. రైతులు ఏ గింజను దాచుకున్నారో దాని గుర్తు డీఎన్ఏలో వైవిధ్యం తగ్గడంగా మిగులుతుంది. టీబీ1 విషయంలో ఆ గుర్తు జన్యువుకు ముందుండే నియంత్రణ భాగంలోనే బలంగా ఉంది, ప్రొటీన్‌ను నిర్దేశించే భాగంలో దాదాపు లేదు. అంటే ఆ రైతుల ఎంపిక పడింది జన్యువు పనిచేసే మోతాదు మీద.

అన్నీ ఇలాగే జరిగాయనడం పొరపాటు. గింజను పెంకులోంచి బయటపెట్టిన టీజీఏ1 జన్యువులో ప్రొటీన్‌లోనే ఒక అమైనో ఆమ్లం మారింది. అయినా టీబీ1 లాంటి జన్యువు పూర్తిగా చెడితే మొక్క రూపమే తలకిందులవుతుంది. మోతాదు కాస్త పెరిగితే పంటకు పనికొస్తుంది. హాప్‌స్కాచ్ సేద్యానికి వేల ఏళ్ల ముందే అడవి మొక్కల్లో చేరింది గనక రైతుల గొప్పేముందనే ప్రశ్న కూడా ఉంది. కానీ అడవిలో అది కొన్ని మొక్కలకే పరిమితం. ఏటా పొలంలో ఏ మొక్క విత్తనం ఉంచాలో చూసి ఎంచినవాళ్లే దాన్ని పంటంతటా నిలిపారు. మెక్సికోలో దొరికిన 4,400 ఏళ్ల నాటి కండెల్లో నేటి రకపు టీబీ1 అప్పటికే ఉంది. గింజలోని పిండి గుణాన్ని నిర్ణయించే మరో జన్యువు విషయంలో మాత్రం 2,000 ఏళ్ల కిందట కూడా ఎంపిక ఇంకా సాగుతూనే ఉన్నట్టుంది.