బీరు కుళాయి పిడులు

పీపాలోని బీరును గ్లాసులోనికి వదలు కుళాయిపై నుండు పిడులను అమెరికాలో కొందరు శ్రద్ధతో సేకరింతురు. మద్యపానమును గూర్చి ఎవరి అభిప్రాయ మేదైనను, ఈ పిడులు చట్టమునకు, రసాయనశాస్త్రమునకు కూడ సాక్ష్యములు.

ఆ దేశమున 1920 నుండి 1933 వరకు మద్యనిషేధ ముండెను. ఒక పేరు చెప్పి వేరొక చౌక సరుకు పోయుట పూర్వము సులభము. కావున నిషేధము తొలగిన పిదప, కుళాయిలో వచ్చునది ఎవరి బీరో కొనువానికి కనబడవలెనని పలు రాష్ట్రములు నిర్బంధించెను. అంతట బంతివంటి పిడిపై కంపెనీ పేరుగల ఎనామెలు బిళ్ళను పొదుగుట వాడుకయ్యెను.

పెక్కు బంతి పిడులు బేకలైటుతో చేసినవి. బెల్జియమున జన్మించిన లియో బేక్‌లాండ్ 1907లో ఫినాలు, ఫార్మాల్డిహైడులను వేడిమి, ఒత్తిడులతో సంయోగపరచి దీనిని సాధించెను. ఒకసారి గట్టిపడినచో ఇది లక్కవలె మరల కరుగదు. ఎల్లప్పుడు తడిచేతులు తగులు వస్తువున కింతకంటె తగిన పదార్థము ఆనాడు అరుదు. పిడిని బొటనవ్రేలితో వేడెక్కునట్లు రుద్ది, ఫినాలు ఘాటు తగిలినచో అది బేకలైటు జాతిదని సేకరించువారు ఊహింతురు.

1873లో అమెరికాలో నాలుగు వేలకు పైగా బీరు కర్మాగారము లుండెను; 1970వ దశాబ్ది చివరకు వందకు లోపే మిగిలెను. మూతపడిన వానిలో కొన్నింటి పేరు, ముద్ర, రంగు ఇట్టి బిళ్ళలపై నిలిచియున్నవి. వెలిసిన బిళ్ళపై క్రొత్త రంగు పూసినచో ఆ సాక్ష్యము చెడును.