కూలీల పద్దు చెప్పిన వాతావరణ చరిత్ర

మన సభ్యులలో చాలామంది జమాఖర్చుల పుస్తకాలతో ఉద్యోగ జీవితం గడిపినవారే. నేనూ వారిలో ఒకణ్ణి. కాలం తీరిన ఆ పుస్తకాలు ఎవరికి పనికివస్తాయని అడిగేవారికి ఫ్రాన్సులోని బర్గండీ ప్రాంతం చక్కని జవాబు చెబుతుంది.

అక్కడి బోన్ పట్టణం చుట్టూ ద్రాక్షతోటలే. దానికి దక్షిణాన మెర్సో, పులీని గ్రామాలలో షార్డొనే రకం ద్రాక్షతో చేసే తెల్ల వైను జగత్ప్రసిద్ధం. పూర్వం కోతలు ఎప్పుడు మొదలుపెట్టాలో రైతు ఇష్టం కాదు, ఊరిపెద్దలు తీర్మానించి చాటించేవారు. ఆ తీర్మానాలు, కోత కూలీల చెల్లింపు పద్దులు శతాబ్దాలుగా భద్రంగా ఉన్నాయి. చరిత్రకారుడు తోమా లబ్బే, ఆయన సహచరులు వాటిని గాలించి, 1354 నుండి 2018 వరకు కోత తేదీల పట్టికను 2019లో ప్రచురించారు.

ఎండలు ముదిరితే ద్రాక్ష ముందే పండుతుంది. 1354-1987 మధ్య కోతలు సగటున సెప్టెంబరు 28న మొదలయ్యేవి. 1988-2018 మధ్య సెప్టెంబరు 15కే మొదలయ్యాయి. అంటే 13 రోజులు ముందుకు జరిగాయి!

ఇది చిన్న తేడా కాదు. తెల్ల వైనుకు పులుపే ప్రాణం. ఎండ ఎక్కువైతే పండులో తీపి పెరిగి పులుపు తగ్గుతుంది. ఆ తీపి పులిసి మద్యమవుతుంది కనుక వైను ఘాటెక్కుతుంది. 2003 వేసవిలో ఎండలకు కోతలు ఆగస్టులోనే వచ్చాయి. చలి సంవత్సరమైతే పులుపు మరీ ఎక్కువ. అప్పుడు యాపిల్‌లో ఉండే పదునైన ఆమ్లాన్ని పెరుగులోని మెత్తని ఆమ్లంగా సూక్ష్మజీవులు మార్చేదాకా ఆగుతారు. వేడి సంవత్సరంలో కొందరు ఆ మార్పును మధ్యలోనే ఆపేస్తారు. 228 లీటర్ల ఓక్ పీపాలలో కొత్తవెన్ని వాడాలి, అడుగున చేరిన మడ్డిని ఎంత కలియబెట్టాలి అన్నదీ ఆ ఏటి పంటను చూసే నిర్ణయిస్తారు.

మరో చిక్కు: చలికాలం తొందరగా తగ్గితే మొగ్గ ముందే విచ్చుకుంటుంది. 2021 ఏప్రిల్‌లో అలా విచ్చిన చిగుళ్లపై మంచు పడింది. రైతులు రాత్రంతా తోటల్లో మంటలు వెలిగించినా, తెల్లద్రాక్ష పంట చాలావరకు పోయింది. తాతలు నేర్పిన పంచాంగం మనవలకు అక్కరకు రాకుండా పోతోంది.

ఆనాటి గుమాస్తాలు వాతావరణం గురించి వ్రాయాలనుకోలేదు. కూలి ఇచ్చారు, తేదీ సరిగా వేశారు, అంతే. అందుచేత మిత్రులారా, మీ ఇంటి అటకమీద పాత వ్యవసాయపు లెక్కలో, దినచర్య పుస్తకాలో ఉంటే చిత్తుకాగితాలవానికి వేయకండి. పిల్లలకు చూపించి, భద్రపరచండి.