ప్రదర్శనశాలలో చూపించే మనిషి

దామరచర్లకు చేరువలో, వాడపల్లి వద్ద, మూసీ నది కృష్ణలో కలుస్తుంది. హైదరాబాదులో సాలార్‌జంగు మ్యూజియము ఒడ్డును తాకి వచ్చిన నది అది. కృష్ణ వెంబడి ఎగువకు పోతే నాగార్జునసాగర జలాల నడుమ ద్వీపంగా మిగిలిన నాగార్జునకొండ, దానిమీద మరొక మ్యూజియము ఉన్నవి. ఈ ప్రాంతంవారు మ్యూజియము అన్న మాట వినడానికి ఎంతో పూర్వమే, చూడడమెట్లాగో వాడపల్లి గుడిలో నేర్చుకొన్నారు.

అక్కడి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలో రెండు దీపాలుంటవి. స్వామి ముఖానికి ఎదురుగా ఉన్న దీపం రెపరెపలాడుతుందనీ, దిగువ దీపం నిశ్చలంగా ఉంటుందనీ, అది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసాలకు గుర్తనీ భక్తుల విశ్వాసం. అర్చకుడు చేయి చాచి చూపేవరకు కొత్తవారి దృష్టి ఆ భేదంమీద పడదు. చూపిన తరువాత మరి దేనిమీదికీ పోదు. మనవారికి దర్శనమంటే ఒకరు చూపగా మరొకరు చూడడం.

మరి మ్యూజియములో ఈ చూపించే మనిషి ఎవరు? లండనులోని బ్రిటిష్ మ్యూజియము 1759 జనవరి 15న ప్రజలకు తలుపులు తెరచింది. ప్రవేశం ఉచితమే కాని, ముందుగా దరఖాస్తు పెట్టి టిక్కెట్టు సంపాదించాలి. వచ్చినవారిని చిన్న జట్లుగా చేసి ఒక ఉద్యోగి వెంటబెట్టుకొని తిప్పేవాడు. 1784లో బర్మింగ్‌హాము చరిత్రకారుడు విలియం హట్టన్ అక్కడికి వెళ్లాడు. చిన్ననాడు పట్టుమిల్లులో కూలి చేసి, తరువాత స్వయంకృషితో చదువుకొన్నవాడాయన. దాదాపు రెండు షిల్లింగులిచ్చి మరొకరి వద్ద టిక్కెట్టు కొన్నాడు. లోపల వడివడిగా నడిపిస్తున్న యువకుణ్ణి ఆపి, ఇవేమిటో చెప్పమని అడిగాడు. అన్నీ నేనే చెప్పాలా, వాటిమీద పేర్లు రాసిలేవా అన్న ధోరణిలో జవాబు వచ్చింది. ఆ తరువాత జట్టులో ఎవరూ గట్టిగా నోరు విప్పలేదు. సుమారు అరగంటలో అంతా ముగిసింది. లోపలికి వెళ్లినప్పటికంటె ఎక్కువేమీ తెలుసుకోకుండానే బయటపడ్డానని ఆయన నొచ్చుకొన్నాడు. ఆ సంగతి ఆయన గ్రంథస్థం చేయబట్టి నేటికీ నిలిచి ఉన్నది. అట్లా తిరిగివచ్చి గ్రంథం రాయలేకపోయినవారు ఎందరో!

ఈ లోపాన్ని సరిదిద్దాలన్న ప్రయత్నం అమెరికాలో జరిగింది. బోస్టను లలితకళా మ్యూజియము కార్యదర్శి బెంజమిన్ గిల్‌మన్ ప్రోద్బలంవల్ల 1907లో సందర్శకుల వెంట నడిచి వివరించే వారిని అక్కడ ఏర్పరచారు. బోధించడమనే లాటిను ధాతువునుంచి వారికి ‘డోసెంటు’ అనే పేరు వచ్చింది. మన వైపు 1851లో స్థాపితమైన మద్రాసు మ్యూజియమును ఆ పట్నంలోని సామాన్యజనం తమిళంలో ‘చచ్చిన కాలేజీ’ అనే అర్థంవచ్చే మాటతో పిలిచేవారు. ఎగతాళిగా వినిపించినా, కాలేజీ అన్నారుగదా. అక్కడ ఏదో నేర్పుతారన్న ఆశ ఆ పేరులో ఉన్నది.

హైదరాబాదు కథ వేరు. మూడవ సాలార్‌జంగు మీర్ యూసుఫ్ అలీఖాను 1949లో గతించారు. ఆయన సేకరించిన కళాఖండాలతో దివాన్ దేవిడీలో ఏర్పాటైన మ్యూజియమును 1951 డిసెంబరు 16న జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించారు. 1968లో అది మూసీ ఒడ్డునున్న ప్రస్తుత భవనంలోకి మారింది. ఒకప్పుడు అతిథులకు తన సంపదను నవాబుగారే చూపించగలిగేవారు. ప్రజల సొత్తయిన తరువాత ఆ గౌరవం గదిలో కాపలా ఉండే చిరుద్యోగికి దక్కింది. ఆయనకు ఆ సంగతి ఎవరైనా చెప్పారో లేదో!

అక్కడ ఒక కొయ్యబొమ్మ ఉన్నది. ఎదుటినుంచి చూస్తే గర్వంగా నిలిచిన పిశాచం, మెఫిస్టోఫిలిస్. వెనుక నిలువుటద్దంలో తలవంచుకొన్న మార్గరెటా కనబడుతుంది. ఒకే దుంగలో రెండు మూర్తులు. అద్దంలోకి చూడండి అన్న ఒక్క మాట అందనివాడు, రద్దీలో సగం బొమ్మనే చూసి సాగిపోవచ్చు. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెక్కా వద్ద మరొక చిక్కు. పాలరాతిలో అంత పలుచని ముసుగును చూసి, నిజమా అని ఎవరికైనా చేయి సాగుతుంది. ముట్టవద్దని కసరితే పల్లెనుంచి వచ్చిన పెద్దమనిషి బిడ్డల ఎదుట చిన్నబోతాడు. తరువాతి గదులలో చేతులు కట్టుకొని, కళ్లు కూడా సగం మూసుకొని నడుస్తాడు. చేతి చెమట, జిడ్డు పట్టి రాయి మాసిపోతుందయ్యా అంటే, ఆయనే తన పిల్లలకు కావలి కాస్తాడు. నిషేధం ఒకటే; చూపు నిలిచిందా, చెదిరిందా అన్నదే భేదం. రోజంతా నిలబడి అదే మాట వందసార్లు చెప్పవలసినవానికి ఓర్పు తప్పడం సహజమే. అందుకు ఆయనను నిందించేకంటె, ఆ బొమ్మ కథ ఆయనకు ముందుగా చెప్పి ఉంచడం అధికారుల పని.

నాగార్జునకొండ వద్ద ఈ అవసరం ఇంకా ఎక్కువ. 1954నుంచి 1960వరకు తవ్వి, మునగబోయే లోయనుంచి తరలించిన ఇక్ష్వాకుల నాటి శిల్పాలవి. ఆ లోయలోని ప్రాచీన స్తంభాన్ని చూసి 1926లో ప్రభుత్వానికి తెలియజేసినవాడు సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు. అక్కడి సున్నపురాతి పలకలు వరుసగా చదవవలసిన కథలు. మాంధాత చక్రవర్తి స్వర్గానికేగి ఇంద్రునితో అర్ధాసనం పంచుకొని, అదీ చాలక ఇంద్రపదవినంతా ఆశించి భూమిమీద పడిన జాతకకథ వాటిలో ఉన్నది. కథ తెలియనివారికి అది కిరీటాల గుంపు మాత్రమే. దామరచర్లనుంచి పిల్లలతో బయలుదేరేవారు, ద్వీపంలో దిగగానే తిరుగులాంచీ వేళ కనుక్కొని, మాంధాత పలక ఎక్కడున్నదో అక్కడి ఉద్యోగిని అడగండి. కథ కూడా చెప్పమనండి.