చన్నీళ్ల కాఫీ ఎక్కడిదంటే

పట్నం షాపుల్లో కోల్డ్ బ్రూ అని గ్లాసు వందల్లో అమ్ముతున్నారు, చూసే ఉంటారు. పొయ్యి వెలిగించకుండా చన్నీళ్లలో నానబెట్టి తీసిన డికాషనే అది. దీన్ని అమెరికా ఇళ్లల్లోకి తెచ్చింది కాఫీ వ్యాపారి కాదండీ, మొక్కల నర్సరీ నడుపుకునే మనిషి.

చిక్కటి కాఫీని సీసాలో పోసి అమ్మడం కొత్తేమీ కాదు. 1876 లోనే స్కాట్లాండ్‌లో క్యాంప్ కాఫీ అని వచ్చింది, చికోరీ, పంచదార కలిపి.

హ్యూస్టన్‌లో ఉండే టాడ్ సింప్సన్ కెమికల్ ఇంజనీరింగ్ చదివి నర్సరీ పెట్టుకున్నాడు. మొక్కల కోసం తిరుగుతూ కాఫీ పండే దేశానికి వెళ్తే, అక్కడ చిక్కటి డికాషన్ ఇచ్చి వేణ్ణీళ్లు కలుపుకోమన్నారట. ఆ రుచి మరిచిపోలేక 1964 లో ఇంట్లో చన్నీళ్ల డికాషన్ తీసుకునే పాత్ర తయారుచేశాడు. పేరు టాడీ. మన కల్లు కాదు సుమా, ఆయన పేరు మీద పెట్టింది!

ఆ డికాషన్ ఇచ్చినవాళ్ల పేరు మాత్రం పాత్ర మీదకి ఎక్కలేదు. నాకు గుచ్చుకునేది అదే. మన అరకు గిరిజన రైతుల కాఫీకి 2019 లో జీఐ గుర్తింపు వచ్చింది, కనీసం ఊరి పేరైనా నిలిచింది.

చేసుకోవాలంటే చికోరీ కలపని గింజలు 200 గ్రాములు రవ్వలా మర పట్టించండి, మెత్తగా వద్దు. లీటరు చన్నీళ్లలో రాత్రి నానేసి, పన్నెండు గంటలకి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. తాగేటప్పుడు సగానికి సగం నీళ్లో పాలో పోసుకోండి.